వాళ్ళూ ఫార్మింగ్ అనే అంటారు

ఈసారి శెనక్కాయ గురించి కాదు, మందుల గురించీ కాదు. ఒక కంప్యూటర్ ఆట గురించి రాస్తున్నా. దాటేసి పోవద్దండి, మన పని మాట అందులో ఉంది.

మనం చేసే సేద్యాన్ని ఇంగ్లీషులో ఫార్మింగ్ అంటారు కదా. ఆటలాడే పిల్లోళ్ళు కూడా అదే మాట వాడతారు. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ పోయి, ఒకే రాక్షసుణ్ణి మళ్ళీ మళ్ళీ చంపి, వాడు పడినచోట రాలిన వస్తువులు ఏరుకోవడాన్ని వాళ్ళు ఫార్మింగ్ అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కొంచెం మంట కూడా పుట్టింది. ఫ్యాను కింద కుర్చీలో కూర్చొని ఎలుక బొమ్మ నొక్కేదానికి మన పేరెందుకు అనిపించింది. తర్వాత తర్వాత ఆలోచిస్తే, ఆ పేరు పెట్టినోడు ఎవడో గానీ తప్పు పెట్టలేదనిపిస్తోంది.

ఆట పేరు డయాబ్లో. నాకు బాగా తెలిసింది రెండోది, డయాబ్లో 2. అది 2000 జూన్‌లో వచ్చింది. నా చేతికి 2003లో వచ్చింది. మన అనంతపురంవాళ్ళకు ఆ ఏళ్ళు గుర్తు చెయ్యనక్కర్లేదు. 2002లో విత్తిన గింజ చాలామందికి తిరిగి ఇంటికి రాలేదు. ఆ మరుసటేడు మా బామ్మర్ది ధర్మవరంలో ఒక చిన్న నెట్ సెంటర్ పెట్టినాడు, ఆరు కంప్యూటర్లు. రాత్రిపూట చూసుకోవడానికి మనిషి కావాలంటే నేను పోయినా. ఇంటర్ చదివినా గాబట్టి టైము రాయడం, డబ్బులు తీసుకోవడం కష్టం కాలేదు. తొమ్మిది దాటితే జనం ఉండరు. మూల కంప్యూటర్లో ఎవరో బెంగుళూరు కుర్రాడు వేసిపోయిన ఈ ఆట ఉండింది. నెట్ అక్కర్లేదు, ఒక్కడే ఆడుకోవచ్చు. అట్లా మొదలైంది.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తా. మీరొక మనిషిని ఎంచుకుంటారు. రెండో ఆట మొదట వచ్చినప్పుడు ఐదుగురు ఉండేవాళ్ళు, 2001లో వచ్చిన కొసరు భాగంతో ఏడుగురయినారు. నేను బార్బేరియన్ అనే మొద్దు మనిషిని తీసుకున్నా. వాడు మంత్రాలకు పోడు, రెండు చేతుల్తో గొడ్డలి ఊపుతాడు. నేలల్లో, గుహల్లో, సమాధుల్లో తిరిగి దయ్యాలను కొట్టాలి. అవి చచ్చి పడితే ఏదో ఒకటి రాలుతుంది. డబ్బు, కత్తి, టోపీ, ఉంగరం. రాలినదాన్ని తొడుక్కుంటే బలమొస్తుంది. బలమొస్తే ఇంకా పెద్దవాణ్ణి కొట్టొచ్చు. వాడి దగ్గర ఇంకా మంచిది రాలొచ్చు. ఆటంతా ఇదే. కథ ఉంది, బాగానే ఉంటుంది, కానీ పాతికేళ్ళుగా జనం దీన్ని వదలకపోవడానికి కారణం కథ కాదు. ఆ 'రాలొచ్చు' అనే మాట.

రాలిన వస్తువు పేరు రంగు రంగుల్లో కనబడుతుంది. తెల్లది మామూలు సరుకు. నీలం అంటే కొంచెం మహిమ ఉంది. పసుపు అంతకన్నా అరుదు. ఆకుపచ్చ అయితే ఒక జతలో భాగం, మిగతావి కూడా దొరికితే బలం పెరుగుతుంది. బంగారు రంగు పడిందంటే గుండె ఒకసారి ఆగుతుంది. అయితే ఒక మెలిక పెట్టినారు. రంగు కనబడుతుంది గానీ లోపల ఏముందో కనబడదు. దాన్ని గుర్తుపట్టే చీటీ ఒకటి కొనాలి, లేకపోతే కెయిన్ అనే ముసలాయన దగ్గరికి తీసుకుపోవాలి. చీటీ వాడేంతవరకు అది మూటే.

ఇది నాకు కొత్తగా అనిపించలేదు. శెనక్కాయ చేనులో మనం ఏం చేస్తాం? పైన ఆకు పచ్చగా ఉంటుంది. పక్కోడు గట్టు మీద నిలబడి, ఈసారి పంట బాగుందప్పా అంటాడు. మనకు తెలుసు, పైన చూసి చెప్పే పంట కాదది. ఊడలు దిగినప్పుడు తేమ ఉండిందా లేదా, దిగినవాటిలో ఎన్ని కాయ కట్టినాయి, కట్టినవాటిలో ఎన్ని లొట్టలు, అంతా మన్ను కింద. ఒకరోజు పొద్దున్నే పోయి ఒక చెట్టు పీకుతాం. మన్ను దులుపుతాం. ఆ దులిపే రెండు మూడు క్షణాలున్నాయి చూడండి, అవే ఈ ఆట. బంగారు రంగు పేరు కనబడి, దాని మీద చీటీ పెట్టి నొక్కే క్షణమూ, చెట్టు పీకి మన్ను దులిపే క్షణమూ నాకైతే ఒకటే. కాయలు లెక్కపెట్టినాక సంతోషమో ఏడుపో వస్తుంది, అది వేరే సంగతి. లెక్కపెట్టే ముందర వచ్చేది ఇంకొకటి. దానికి పేరు నాకు దొరకలేదు.

ఏం రాలాలో ఆట ఎట్లా తేలుస్తుందో తెలుసుకోవాలని నాకు పట్టుదల పుట్టింది. పాచికలు వేసినట్టే వేస్తుంది, కానీ వరసలో వేస్తుంది. ముందు ఏ వస్తువో తేలుతుంది, కత్తా, టోపీయా అని. తర్వాత అది బంగారు రంగు అవుతుందా అని ఒక పాచిక. కాకపోతే ఆకుపచ్చ అవుతుందా అని ఇంకోటి. కాకపోతే పసుపు, అదీ కాకపోతే నీలం. ఏదీ కాకపోతే తెల్లది. మంచి సరుకు పడే అవకాశం పెంచే గుణం కొన్ని వస్తువులకు ఉంటుంది, మ్యాజిక్ ఫైండ్ అంటారు. పిల్లోళ్ళు అది ఎంత ఎక్కువ తొడుక్కుంటే అంత లాభమనుకుంటారు. అట్లా ఉండదు. నీలం వస్తువులకు అది పూర్తిగా పనిచేస్తుంది. బంగారు రంగువాటికి మాత్రం పెంచేకొద్దీ దాని ఫలం తగ్గుతూ పోతుంది. ఎకరాకు ఒక మూట యూరియా వేస్తే పైరు లేచింది గదా అని రెండోది, మూడోది వేసేవాళ్ళకు ఈ లెక్క చూపించాలి.

ఆట పుట్టిన కథ కూడా కొంచెం చెప్తా. అమెరికాలో కాలిఫోర్నియాలో డేవిడ్ బ్రెవిక్ అనే ఆయన, షేఫర్ అన్నదమ్ములు మ్యాక్స్, ఎరిక్ కలిసి 1993లో కాండార్ అని ఒక చిన్న కంపెనీ పెట్టినారు. తర్వాత దాన్ని బ్లిజార్డ్ కొని బ్లిజార్డ్ నార్త్ అని పేరు మార్చింది. బ్రెవిక్ ఉండే చోటికి దగ్గర్లో మౌంట్ డయాబ్లో అనే కొండ ఉంది, ఆట పేరు ఆ కొండదే. మొదట చదరంగం మాదిరి, నువ్వొక ఎత్తు వెయ్యి, నేనొక ఎత్తు వేస్తా అన్నట్టు చేస్తూ వచ్చినారు. అట్లా వద్దు, నొక్కితే వెంటనే దెబ్బ పడాల అని మిగతావాళ్ళు పట్టుబట్టినారు. బ్రెవిక్‌కు ఇష్టం లేదు. అయినా ఒక మధ్యాహ్నం కూర్చొని మార్చి చూసినాడు. నొక్కినాడు, ఎముకల దయ్యం కుప్పకూలింది. అంతే, ఇదే ఆట అని తేలిపోయింది. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. మొదటి డయాబ్లో 1996 ఏడాది పోయి 1997 వస్తుండగా బయటికొచ్చింది.

ఆ మొదటి ఆటంతా ఒకే ఊర్లో జరుగుతుంది. ట్రిస్ట్రమ్ అని పేరు. మన పల్లె అంత కూడా ఉండదు. కమ్మరి ఒకడు, గ్రిస్‌వోల్డ్. వైద్యుడు ఒకడు. సారాయి కొట్టు, తాగి పడున్న ఫార్నమ్. ఒంటి కాలు కర్రది పెట్టుకొని, దొంగ ధరకు సరుకు అమ్మే వర్ట్ అనే పిల్లోడు. ఊరి పక్కన పాడుబడ్డ గుడి, దాని కింద పదహారు అంతస్తులు. దయ్యాలు అక్కడ. కొట్టి కొట్టి అలిసిపోయి పైకొస్తే ఊర్లో గిటారు పాట మోగుతూ ఉంటుంది. మ్యాట్ ఉయెల్మన్ అనే ఆయన కట్టిన పాట. ఏడుపు కాదు, సంతోషమూ కాదు. చీకటి పడ్డాక ఊరి బయట ఒక్కడే నడిచేటప్పుడు ఉండే తీరు.

రెండో ఆటలో మళ్ళీ ఆ ఊరికి పోతాం. అక్కడ ఊరు లేదు. ఇండ్లు కాలిపోతుంటాయి. కెయిన్ ముసలాయన్ను బోనులో వేలాడదీసి ఉంటారు, ఆయన్ను విడిపించుకోవాలి. కమ్మరి గ్రిస్‌వోల్డ్ దయ్యమైపోయి మన మీదికే వస్తాడు. వర్ట్ శవం ఒక పక్కన పడి ఉంటుంది. వెనకాల అదే గిటారు.

నేను మొదటి ఆట తర్వాతెప్పుడో చూసినా. ముందు చూసింది ఈ కాలిన ఊరే. ఎవరు ఎవరో తెలియకపోయినా ఆ రాత్రి నాకు ఆడబుద్ధి కాలేదు. అప్పటికి మా ఊర్లో మా వీధిలో పదకొండు ఇండ్లకు ఐదింటికి తాళాలు. అందరూ బెంగుళూరు. కమ్మరాయన కూడా పోయినాడు, ఎక్కడో గేట్లు చేసే షాపులో వెల్డింగ్ పనికి. కాల్చినవాడు ఎవడూ లేడు, వాన రాలేదు అంతే.

మా అన్న కూడా అప్పుడే పోయినాడు. ఆయన సంగతి చెప్పకుండా ఈ ఆట సంగతి చెప్పలేను.

మా అన్న నాలుగు బోర్లు వేసినాడు. మొదటిది 250 అడుగులు, దుమ్ము. రెండోదానికి కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని నీళ్ళు చూసేవాణ్ణి పిలిపించినాడు. కాయ నిలబడింది, నీళ్ళు నిలబడలేదు. మూడోదాంట్లో అంగుళం నీళ్ళు పడినాయి, ఒక ఎండాకాలానికి అవీ పోయినాయి. నాలుగోది వేసేటప్పుడు నేను పక్కనే ఉండినా. రిగ్గు మోత, తెల్ల పొడి లేచి చెట్ల మీద పడుతోంది. 400 అడుగుల దగ్గర డ్రైవరు ఆపినాడు. ఏం చేద్దామన్నా అన్నాడు. మా అన్న నా పక్క చూడలేదు. ఇంకో యాభై అడుగులు పోనీ అన్నాడు. ఆ యాభై అయినాక పొడిలో రవ్వంత తడి కనిపించింది. ఇంకో యాభై. తడి పోయింది. ఇంకో యాభై. అడుగుకు ఇంత అని రేటు, కేసింగ్ పైపు వేరే, వడ్డీ మూడు రూపాయలు. మీకు లెక్క వేసి చూపించాల్సిన పని లేదు.

నెట్ సెంటర్లో రాత్రి రెండు గంటలకు మెఫిస్టో అనేవాణ్ణి కొట్టి, ఏమీ పడకపోతే, ఇంకొక్కసారి అని మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు నాకు మా అన్న గొంతు వినబడేది. ఇంకో యాభై అడుగులు. అదే మాట, అదే ఊపు. లోపల ఉంది, పైకి కనబడట్లేదు, ఇంకొంచెం పోతే దొరుకుతుంది. మనిషి లోపల ఈ కొక్కెం దేవుడే పెట్టినాడేమో. అది లేకపోతే రైతనేవాడే ఉండడు. మూడేళ్ళు వరసగా గింజలు మన్ను పాలైనాక నాలుగో ఏడు మళ్ళీ విత్తనాలు కొనే మనిషికి తెలివి ఉందని లెక్కప్రకారం ఎవరూ అనరు.

తేడా ఒక్కటే. ఆటలో ఏమీ పడకపోతే నాకు పోయేది నిద్ర. చచ్చినా కొంచెం డబ్బు పోతుంది, పడిపోయిన సరుకు పోయి తెచ్చుకోవచ్చు. ఒక్కసారి చస్తే అంతే అనే పద్ధతి వేరేగా ఉంది, హార్డ్‌కోర్ అంటారు, దాని జోలికి నేను పోలేదు, బయట చేసేది చాలు. ఆటలో పొలం తాకట్టు పడదు. రాత్రంతా ఇంకో యాభై అడుగులు, ఇంకో యాభై అడుగులు అనుకొని, తెల్లారి లేచి ముఖం కడుక్కుంటే నేను అప్పులేని మనిషిని. ఆ కరువులో ఆ మాటను మనసు తీరా అనుకోగలిగే చోటు నాకు అదొక్కటే దొరికింది. మా బామ్మర్ది అప్పుడు, బావా, ఇంత పిచ్చేంది అని నవ్వేవాడు. పిచ్చి కాదు. ఆశ ఖర్చు లేకుండా దొరికింది.

ఈ మాట నేను గాలికి చెప్పడం లేదు. ఆ కంపెనీయే తర్వాత ఆశకు ఖర్చు పెట్టి చూసింది, ఏమైందో వినండి. మూడో ఆట 2012 మే నెలలో వచ్చింది. అందులో వేలం పెట్టినారు. రాలిన కత్తిని, టోపీని నిజం డబ్బుకు అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, కంపెనీకి కమీషన్. మార్కెట్ యార్డు అన్నమాట. పైకి మంచిదే అనిపిస్తుంది. కానీ ఏమైంది? మంచి కత్తి కావాలంటే దయ్యాన్ని కొట్టాల్సిన పని లేదు, యార్డులో కొంటే చాలు. మనకు ఏదైనా మంచిది రాలితే ముందు వచ్చే ఆలోచన తొడుక్కుందామని కాదు, ఎంతకు పోతుందని. గుత్తంగా అందరూ కొట్టేది మానేసి ధరలు చూస్తూ కూర్చున్నారు. కంపెనీయే ఆటకు ప్రాణం ఇది కాదని ఒప్పుకొని 2014 మార్చిలో వేలం మూసేసింది. మూసిన వారానికే కొత్త భాగం తెచ్చింది. దానికి కొంచెం ముందే, తక్కువ వస్తువులు, కానీ మన మనిషికి పనికొచ్చే వస్తువులు రాలేటట్టు మార్చింది. అప్పుడు జనం మళ్ళీ కొట్టడానికి వచ్చినారు.

రెండో ఆటలోనూ బేరాలు ఉండేవి, కానీ వాటి తీరు వేరు. అందులో బంగారు నాణేలకు విలువ లేదు, ఎవడి దగ్గరైనా ఉంటాయి. అందుకని నెట్‌లో ఆడేవాళ్ళు స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే ఉంగరాన్ని డబ్బుగా వాడుకున్నారు. ఈ కవచానికి ఇన్ని ఉంగరాలు అని. ఎవరూ చెప్పలేదు, వాళ్ళే కుదుర్చుకున్నారు. మన పెద్దలు మంగలికి, చాకలికి, వడ్రంగికి మేర గింజలు కొలిచినట్టు. అక్కడా నకిలీ విత్తనాలోళ్ళు తయారైనారు లెండి. ఉంగరాలను దొంగతనంగా నకలు తీసి రాశులు పోసినారు. దాంతో ఉంగరం విలువ పడిపోయి, జనం రూన్‌లు అనే రాళ్ళలో బేరాలు మొదలుపెట్టినారు.

ఇక 2022లో ఫోన్లో ఆడేది వచ్చింది, డయాబ్లో ఇమ్మోర్టల్. ఉత్తగానే దించుకోవచ్చు. కానీ మంచి రత్నాలు కావాలంటే డబ్బు పోసి కొన్ని ముద్రలు కొని లోపలికి పోవాలి, పడొచ్చు, పడకపోవచ్చు. ఇది జూదం చట్టాల కిందికి వస్తుందని బెల్జియంలోనూ నెదర్లాండ్స్‌లోనూ దాన్ని విడుదలే చెయ్యలేదు. మనకు తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినారు. ఎందుకో మనందరికీ తెలుసు, ఊరికొక ఇల్లు ఉంది. అదే కొక్కెం, దానికి తాడు కట్టి ఆ కొస ఎవడో పట్టుకున్నాడు.

మా పిల్లోడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. 2021లో పాత రెండో ఆటకే బొమ్మలు కొత్తగా గీసి రిసరెక్టెడ్ అని మళ్ళీ విడుదల చేసినారు. వాడు దసరాకు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో వేసిచ్చి, నాయనా, నీ బార్బేరియన్ మళ్ళీ వచ్చినాడు అన్నాడు. ఒక మీట నొక్కితే కొత్త బొమ్మ పోయి పాత బొమ్మ వస్తుంది. నేను ముందు పాతది చూసినా. లోపల లెక్కలు పెద్దగా మార్చలేదు. అది వాళ్ళు చేసిన తెలివైన పని.

ఈసారి నాకు నచ్చింది రూన్‌ల పద్ధతి. మొత్తం 33 రూన్‌లు, ఎల్ నుంచి జాడ్ వరకు. చిన్నవి బాగా దొరుకుతాయి, పెద్దవి ఏళ్ళు గడిచినా కనబడవు. వీటిని సరైన వరసలో, సరిగ్గా అన్ని చిల్లులే ఉన్న వస్తువులో పొదిగితే కొత్త ఆయుధం పుడుతుంది. అసలు విషయం ఏమంటే, ఆ వస్తువు మామూలు తెల్ల సరుకో, బూడిద రంగు సరుకో అయ్యుండాలి. నీలం, పసుపు పనికిరావు. అంటే ఇరవై గంటలు మీరు కాలితో తోసేసి పోయినదే రేపు మీకు కావాల్సిన వస్తువు. నాలుగు చిల్లుల కత్తి ఒకటి, తాల్, థుల్, ఆర్ట్, ఆమ్న్ అనే నాలుగు చిన్న రూన్‌లు చాలు, స్పిరిట్ అనే కత్తి తయారవుతుంది. మంత్రగత్తెకు అది ఆట చివరిదాకా పనికొస్తుంది. పెద్ద పెద్ద బంగారు రంగు ఆయుధాల పక్కన నిలబడుతుంది. ఐదెకరాల మెట్ట రైతు ఆయుధమని నేను పేరు పెట్టుకున్నా. అది చేసిన రోజు పిల్లోడికి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నా నాయనా అన్నాడు, అయినా రెండు నిమిషాలు విన్నాడు.

ఇంకోటి మరిచిపోతుండా. ఈ ఆటలో ఆవుల మడి ఒకటి ఉంది. మొదటి ఆటలో ఊర్లో ఒక ఆవు నిలబడి ఉండేది, దాన్ని ఇన్నిసార్లు నొక్కితే రహస్య దారి తెరుచుకుంటుందని పుకారు పుట్టింది. ఉత్త అబద్ధం. కంపెనీవాళ్ళు ఆ పుకారును చూసి నవ్వుకొని రెండో ఆటలో నిజంగానే పెట్టేసినారు. ఆట పూర్తిచేసినాక, చచ్చిపోయిన వర్ట్ కర్రకాలును, ఊరికి దారి తెరిచే మంత్రాల పుస్తకాన్ని మాయపెట్టెలో వేస్తే దారి తెరుచుకుంటుంది. లోపల వందల ఆవులు, రెండు కాళ్ళ మీద నిలబడి, చేతుల్లో పొడుగు గొడ్డళ్ళు, మూ మూ అంటూ మీద పడతాయి. చిల్లుల సరుకు, రూన్‌లు అక్కడ బాగా రాలతాయి. మా ఇంటామె కాఫీ గ్లాసు పట్టుకొచ్చి తెర చూసి, పొద్దున్నే వాటికి గడ్డేసి, రాత్రికి వాటిని గొడ్డలితో కొడతావా అనింది. అవే ముందు కొట్టినాయి అని చెప్పినా. నమ్మలేదు. శుక్రవారం మాత్రం ఆ మడిలోకి పోవద్దని షరతు పెట్టింది, పోవడం లేదు.

నా మనిషి ఇప్పుడు 88వ మెట్టు మీద ఉన్నాడు. చివరిది 99, దానికి నేను ఆశపడను. నాకు కావాల్సింది ఎనిగ్మా అనే కవచం. జా, ఇథ్, బెర్ అని మూడు రూన్‌లు. ఇథ్ ఎక్కడైనా దొరుకుతుంది, నా పెట్టెలో నాలుగున్నాయి. బెర్, జా నా చేతికి ఇంతవరకు ఒక్కటీ పడలేదు. నెట్‌లోకి పోతే బేరానికి దొరుకుతాయి అని పిల్లోడు అంటాడు. నేను ఒక్కణ్ణే ఆడతా, నాకు రాలితే రాలాల.

కదిరి-6 వేసినా ఈసారి మూడెకరాలు. విత్తినప్పటి నుంచి కాయ ఇంటికి చేరేదాకా ల్యాప్‌టాప్ తియ్యను. తీసినా లాభం లేదు, రెండు చోట్ల ఒకేసారి ఎదురుచూడటం నా వల్ల కాదు. వానల సంగతి మీకు తెలుసు, మొన్న పదునుకు విత్తినోళ్ళం విత్తినాం. మా అన్న మొన్న ఆదివారం వచ్చిపోయినాడు, చేనంతా తిరిగి చూసినాడు. ఇరవై ఏళ్ళయింది ఆయన మడక వదిలి. మొలక ఎంత దూరానికొకటి వచ్చిందో వంగి జానతో కొలిచి చూసి, ఊడలు దిగేటప్పుడు ఫోన్ చెయ్యి, వస్తా అని చెప్పి బస్సెక్కినాడు.